తక్కువ ధర మౌంటెన్ బైక్‌ను ట్రైల్‌కు సిద్ధం చేయడం ఎలా: బిగింపు నుంచి మూడో రౌండ్ దాకా

"తక్కువలో ఒక మౌంటెన్ బైక్ కొన్నాను, ట్రైల్‌కి పనికొస్తుందా?" అని అడిగేవాళ్లను నేను ముందు ఒక్కటే అడుగుతాను: దాన్ని ఎవరు బిగించారు? పెట్టెలోంచి తీసి హడావిడిగా బిగించిన సైకిల్‌కీ, ఒక పూట కూర్చుని సరిచేసుకున్న అదే మోడల్ సైకిల్‌కీ ట్రైల్ (కొండల్లో, అడవుల్లో సైకిల్ తొక్కే మట్టి దారి) మీద పోలికే ఉండదు. తక్కువ ధర సైకిల్‌లో భాగాలు నాసిగా ఉండే మాట నిజమే. అయినా మొదటి నెలలో వచ్చే తిప్పలు చాలావరకు వదులు బోల్టుల వల్ల, లెక్క చూసుకోని గాలి వల్ల, సెట్ చేయని బ్రేకుల వల్ల వస్తాయి.

పనికి ఒక పూట పడుతుంది, ఆ తర్వాత ట్రైల్ మీద మూడు రౌండ్లు వేయాలి. వరస మాత్రం మార్చకండి. బ్రేకు సెట్ చేశాక చక్రం విప్పి హబ్ (చక్రం నడిమి భాగం) బిగించారంటే బ్రేకు పని మళ్లీ మొదటికొస్తుంది.

## 1. ముందు మీ సైకిల్ ఏ కోవలోదో తేల్చుకోండి

ఫ్రేమ్ మీద చిన్న స్టిక్కర్ గానీ, మాన్యువల్‌లో ఒక పేజీ గానీ ఉంటుంది. ఏఎస్‌టీఎం ఎఫ్2043 అనే ప్రమాణం ప్రకారం ఆ సైకిల్ ఏ వాడకానికో 1 నుంచి 5 వరకు ఒక అంకె చెబుతుంది. 2 అంటే మట్టిరోడ్డు, 15 సెం.మీ. మించని దిగుళ్లు (చక్రం ఒక్కసారిగా కిందికి దూకే మెట్టు లాంటి చోట్లు). 3 అంటే రాళ్లూ వేర్లూ ఉన్న ట్రైల్, 61 సెం.మీ. లోపు దిగుళ్లు. 4 అంటే 122 సెం.మీ. లోపు. మాన్యువల్‌లో "ఆఫ్‌రోడ్ వాడకానికి కాదు" అని రాసి ఉంటే, ఫ్రేమ్ మీద ఎంత పెద్ద అక్షరాలతో మౌంటెన్ అని ఉన్నా మాన్యువల్ మాటే నమ్మండి.

తర్వాత చేత్తో చూడాల్సినవి:

- వెనక పళ్లచక్రాలు. వెనక చక్రం విప్పి, పళ్లచక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో టూల్ పట్టే గాడి కూడా వాటితోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా నిలబడితే ఫ్రీవీల్. ఫ్రీవీల్ హబ్‌లో కుడివైపు బేరింగు లోపలికి ఉండి, ఇరుసు చాలా మేర ఆధారం లేకుండా బయటికి పొడుచుకొస్తుంది. బరువైన మనిషి గెంతులు వేస్తే ముందు వంగేది ఆ ఇరుసే.
- ముందు ఫోర్కు. సైకిల్ మీద కూర్చుంటే బ్రేకు కాలిపర్ (డిస్క్‌ను ప్యాడ్లతో పట్టే భాగం) మీ ఎడమ చేతి వైపు ఉండాలి. కుడివైపు ఉంటే ఫోర్కు వెనకాముందూ తిప్పి బిగించారన్నమాట. నవ్వకండి, ఇలాంటివి రోడ్డు మీద చాలానే తిరుగుతున్నాయి.
- వెనక సస్పెన్షన్. ఇంకా కొనలేదంటే, చవకలో వెనక షాక్ ఉన్న సైకిల్ వద్దే వద్దు. ఆ డబ్బు స్ప్రింగుకీ, కీళ్లకీ పోతుంది; బ్రేకులకీ చక్రాలకీ ఏమీ మిగలదు. ముందు ఫోర్కు ఒక్కటే ఉన్న హార్డ్‌టెయిల్ తీసుకోండి.

## 2. దగ్గర పెట్టుకోవాల్సిన సామాన్లు

☐ అలెన్ కీల సెట్ (4, 5, 6, 8 మి.మీ. తప్పనిసరి)
☐ 15 మి.మీ. స్పానర్, స్క్రూడ్రైవర్లు
☐ గ్రీజు, చైన్ ఆయిల్, పాత బట్టలు
☐ మీటరున్న గాలి పంపు
☐ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (డిస్క్ తుడవడానికి)
☐ రెండు ప్లాస్టిక్ జిప్ టైలు, ఒక స్కేలు
☐ పాడైన పాత ట్యూబు ఒకటి

టార్క్ రెంచి (ఎంత గట్టిగా బిగిస్తున్నామో చూపేది) ఉంటే మరీ మంచిది. లేకపోతే క్రాంకు (పెడల్ తగిలించే చేయి) బోల్టు వరకైనా అది ఉన్నవాళ్ల దగ్గర బిగించుకోండి.

## 3. బిగింపు: ఈ వరసలోనే

క్రాంకు. అన్నిటికన్నా ముందు ఇది. చవక సైకిళ్లలో ఎక్కువగా చదరపు ఇరుసు మీద అల్యూమినియం క్రాంకు కూర్చుంటుంది. దాని బోల్టుకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. అంటే పొడవాటి రెంచి పట్టుకుని ఒంటి బరువు వేసి బిగించాలి. చిన్న అలెన్ కీతో అంత బిగింపు రాదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మూడో రైడ్‌లో ఎక్కుడు మీద తొక్కుతుంటే ఎడమకాలు కిందికి వెళ్లినప్పుడల్లా టక్... టక్... అని చప్పుడు. సీటు అనుకుని సీటు బిగించాను. పెడల్ అనుకుని పెడల్ బిగించాను. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక క్రాంకు పెడల్‌తో సహా నా బూటుకు వేలాడుతూ ఊడొచ్చింది. లోపల చదరంగా ఉండాల్సిన రంధ్రం అరిగి గుండ్రమైపోయింది. ఇరుసు ఉక్కు, క్రాంకు మెత్తని అల్యూమినియం. వదులుగా ఒక్క రైడ్ తొక్కినా ఆ రంధ్రం పాడవుతుంది, ఇక ఎంత బిగించినా నిలవదు. క్రాంకు మార్చక తప్పలేదు. కొన్న రోజే ఆ బోల్టు మీద ఒక్క నిమిషం పెట్టి ఉంటే సరిపోయేది.

పెడళ్లు. మరలకు గ్రీజు రాసి, ముందు చేత్తోనే తిప్పి ఎక్కించండి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది, అపసవ్య దిశలో బిగించాలి. మొదటి రెండు చుట్లు చేత్తో తేలిగ్గా తిరగకపోతే అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెంటనే విప్పండి.

హెడ్‌సెట్ (హ్యాండిల్, ఫోర్కు తిరిగే బేరింగులు). ముందు బ్రేకు నొక్కిపట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. ఇంకో చేతి వేళ్లు ఫ్రేమ్‌కూ ఫోర్కుకూ మధ్య ఉన్న కప్పు మీద పెట్టండి. అక్కడ కదలిక తగిలితే వదులుగా ఉంది. సరిచేసేటప్పుడు ముందు స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు పట్టి ఉంచే ముక్క) పక్క బోల్టులు వదులు చేసి, తర్వాత పై టోపీ బోల్టును కొంచెం బిగించి, చివర్లో పక్క బోల్టులు బిగించాలి. పక్క బోల్టులు విప్పకుండా పై బోల్టును ఎంత తిప్పినా లాభం లేదు. స్టెమ్ బోల్టుల బిగింపు దాని మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల.

చక్రాలు. స్పోకులను రెండేసి చొప్పున వేళ్ల మధ్య నొక్కుతూ చక్రమంతా తిరగండి. ఒకే వైపు స్పోకులన్నీ ఇంచుమించు ఒకే గట్టిగా తగలాలి. కొన్ని వీణ తీగల్లా, కొన్ని బట్టలారేసే తాడులా ఉంటే సైకిల్ షాపులో బెండు తీయించి టెన్షన్ సమానం చేయించండి. మెషీన్ అల్లిన చక్రాలకు మొదటి కొన్ని రైడ్లలో స్పోకులు సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ ఒకసారి చూపించాలి. ఈ రెండోసారి వెళ్లేవాళ్లు తక్కువ. స్పోకులు తెగేది కూడా వాళ్లవే.

హబ్. రిమ్ పట్టుకుని పక్కలకు ఊపండి. ఆడితే ఇరుసు మీది కోన్ నట్టు (బేరింగును పట్టి ఉంచేది) బిగించాలి. ఆడకపోయినా ఇరుసును వేళ్లతో తిప్పినప్పుడు గరగరలాడితే గ్రీజు లేకుండా బిగించారన్నమాట; షాపులో విప్పించి గ్రీజు పెట్టించండి.

క్విక్ రిలీజ్ (టూల్ లేకుండా చక్రం విప్పే లీవరు). డిస్క్ ఉన్న వైపుకి ఎదురువైపు లీవరు ఉంచండి, బ్రేకు వేశాక వేడెక్కిన డిస్క్ చేతికి తగలదు. లీవరు మూసేటప్పుడు అరచేతిలో దాని అచ్చు పడాలి. అంత గట్టిగా లేకపోతే లీవరు తెరిచి, రెండో కొసన ఉన్న నట్టు ఇంకొంచెం తిప్పండి.

## 4. బ్రేకులు: ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి

హైడ్రాలిక్ బ్రేకు (కేబుల్ బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసేది) వచ్చి ఉంటే మీ పని సగం అయినట్టే. చాలామందికి వచ్చేది కేబుల్‌తో పనిచేసే మెకానికల్ డిస్క్. దాన్ని తిట్టేవాళ్లలో ఎక్కువమంది అది ఎలా పనిచేస్తుందో చూడలేదనే నా అనుమానం.

మామూలు మెకానికల్ కాలిపర్‌లో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్క్‌ను పక్కకు నెట్టి, కదలని లోపలి ప్యాడ్‌కు ఆనిస్తుంది. అందుకే లోపలి ప్యాడ్ డిస్క్‌కు ఎంత దగ్గరగా ఉంటే బ్రేకు అంత బాగా పడుతుంది.

1. కాలిపర్‌ను పట్టి ఉంచే రెండు బోల్టులూ వదులు చేయండి.
2. లోపలి ప్యాడ్ మరను తిప్పి డిస్క్‌కు దాదాపు ఆనేలా తీసుకురండి.
3. లీవరు గట్టిగా నొక్కిపట్టి, రెండు బోల్టులనూ కొంచెం ఇటూ కొంచెం అటూ బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి వెళితే కాలిపర్ మెలి తిరుగుతుంది.
4. లీవరు వదిలి చక్రం తిప్పండి. రాసుకుంటుంటే లోపలి ప్యాడ్‌ను ఒక్కో క్లిక్కు వెనక్కి తీయండి, చప్పుడు ఆగగానే ఆపండి.
5. కేబుల్ లాగి బిగించండి. లీవరు సగం దూరం వచ్చేసరికి బ్రేకు పట్టాలి.

ప్యాడ్ అరిగాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. లీవరు దగ్గరి మర తిప్పి కేబుల్ టైట్ చేస్తారు. అలా చేస్తే కాలిపర్ చేయి మొదలే సగం దూరం తిరిగి ఉంటుంది, అసలు నొక్కాల్సిన చోటుకి వచ్చేసరికి దానికి తిరిగే చోటు ఉండదు. అరుగుదలకు ప్యాడ్ మరనే తిప్పాలి.

డిస్క్ మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉందేమో చూడండి. చవక డిస్క్‌ల మీద తరచూ ఉంటుంది. అలాంటిదానికి మెటల్ ప్యాడ్ వేస్తే డిస్క్ త్వరగా అరిగిపోతుంది.

ప్యాడ్లు పదును పెట్టడం. కొత్త ప్యాడ్లు మొదటిరోజు సరిగా పట్టవు. డిస్క్‌ను ఆల్కహాల్‌తో తుడిచి, ఖాళీ చదును రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగం అందుకుని, నడక వేగానికి వచ్చేదాకా ముందు బ్రేకు ఒక్కటే వేయండి. చక్రం పట్టేయకూడదు, పూర్తిగా ఆగకూడదు. ఇలా ఇరవైసార్లు. తర్వాత వెనక బ్రేకుకు కూడా అంతే. పదోసారికల్లా తేడా వేలికే తెలుస్తుంది.

## 5. టైర్లలో గాలి

ఖర్చు లేకుండా సైకిల్ స్వభావాన్నే మార్చేసేది ఇదొక్కటే. టైరు పక్కన రాసి ఉన్న పెద్ద అంకె గరిష్ఠ పరిమితి. గాలి కొట్టేవాళ్లు దాదాపు అక్కడిదాకా కొట్టి పంపుతారు. అంత గాలితో రాళ్ల మీదికి వెళితే టైరు బంతిలా ఎగురుతుంది, మలుపులో జారుతుంది. ఆ కుదుపంతా ఫోర్కు తప్పని తిట్టుకుంటాం.

ట్యూబు ఉన్న 2.1 నుంచి 2.3 అంగుళాల టైర్లకు, 70 కిలోల మనిషికి, ముందు 26, వెనక 29 పీఎస్ఐతో మొదలుపెట్టండి. ఇంకో పది కిలోల బరువుంటే రెండేసి పెంచండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. అక్కడి నుంచి ఒక్కో రౌండుకు 1 లేదా 2 పీఎస్ఐ తగ్గిస్తూ వెళ్లాలి. రిమ్ రాయికి తగిలి టంగుమన్నా, మలుపులో టైరు కిందినుంచి పక్కకు ఒరిగినట్టనిపించినా ఆగి 2 పెంచండి. అదే మీ అంకె, రాసి పెట్టుకోండి.

పంక్చరైన ట్యూబులో రెండు రంధ్రాలు పక్కపక్కనే, పాము కాటులా కనిపిస్తే గాలి తక్కువైంది. ఒక్కటే రంధ్రం ఉంటే ముల్లో మేకో. టైరు లోపల వేలితో జాగ్రత్తగా తడిమి అది తీసేయకుండా కొత్త ట్యూబు వేయకండి.

ఎప్పుడూ ఒకే పంపు వాడండి. రెండు పంపుల మీటర్లు ఒకే మాట చెప్పడం నేను చూడలేదు.

## 6. ఫోర్కు

స్ప్రింగు ఫోర్కులో సరిచేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫోర్కు పై గొట్టానికి జిప్ టై కట్టి, కింది గొట్టం అంచున ఉన్న రబ్బరు సీలు దాకా దింపి, సైకిల్ ఎక్కి కదలకుండా నిలబడి దిగండి. 100 మి.మీ. ఫోర్కుకు జిప్ టై 20 నుంచి 25 మి.మీ. జరగాలి. పైన ఉన్న ప్రీలోడ్ మర ఫోర్కు నిలబడే ఎత్తునే మారుస్తుంది, స్ప్రింగు గట్టిదనం మారదు. మీ బరువుకు స్ప్రింగు మరీ మెత్తనైనా, మరీ గట్టిదైనా ఆ మరతో కుదరదు; వేరే స్ప్రింగు దొరుకుతుందేమో అడగాలి.

లాకౌట్ (ఫోర్కు కదలకుండా బిగించే మీట) ఉంటే దిగుడుకి ముందు తెరవడం మరవకండి. గొట్టాల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి, లోపలి గ్రీజును కడిగేస్తుంది. ప్రతి రైడ్ తర్వాత పొడిబట్టతో తుడిస్తే చాలు.

## 7. గేర్లు, చైను

గేర్లు పడకపోతే వెంటనే మరలు తిప్పడం మొదలుపెట్టకండి. ముందు సైకిల్ వెనక కూర్చుని చూడండి: డెరేలియర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం)లోని రెండు చిన్న చక్రాలు, పైనున్న పళ్లచక్రంతో ఒకే నిట్టనిలువు గీతలో ఉన్నాయా? కింది చక్రం లోపలికి వంగి ఉంటే హ్యాంగర్ (డెరేలియర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే ముక్క) వంగింది. సైకిల్ ఒకసారి కుడివైపు పడినా చాలు, పెట్టెలో ప్రయాణంలో కూడా వంగుతుంది. అది నిలబెట్టకుండా చేసే ఏ ట్యూనింగూ నిలవదు.

హ్యాంగర్ నిటారుగా ఉంటే కేబుల్ మరను పావు చుట్టు చొప్పున తిప్పండి. పెద్ద పళ్లచక్రం ఎక్కడానికి మొరాయిస్తే అపసవ్యంగా, చిన్నదానికి దిగడానికి మొరాయిస్తే సవ్యంగా. కొత్త కేబుల్ మొదటి కొన్ని రైడ్లలో సర్దుకుంటుంది కాబట్టి ఇది ఇంకోసారి చేయాల్సి వస్తుంది.

చవక డెరేలియర్లలో చైనును బిగుతుగా పట్టే క్లచ్ ఉండదు. గతుకుల్లో చైను ఎగిరి ఫ్రేమ్‌ను కొడుతుంది, ఒక్కోసారి ఊడుతుంది. గతుకుల దిగుడులో ముందు చిన్న పళ్లచక్రం మీద ఉండకండి, మధ్యదో పెద్దదో వేసుకుంటే చైను లాగిపట్టి ఉంటుంది. ఇక చైను కింది గొట్టానికి ఆ పాత ట్యూబును బిగుతుగా చుట్టి జిప్ టై వేయండి. సగం చప్పుడు అక్కడే పోతుంది.

## 8. మొదటి మూడు రౌండ్లు

రెండు మూడు కిలోమీటర్ల చిన్న చుట్టు ఎంచుకోండి. అందులో ఒక ఎక్కుడు, కొంచెం రాళ్ల భాగం, వదులు మట్టి మలుపు, బ్రేకు వేయక తప్పని దిగుడు ఉండాలి. గుర్తులు పెట్టిన ట్రైల్ అయితే ఆకుపచ్చ వృత్తం ఉన్న తేలికైనది తీసుకోండి. మధ్యస్థమైన నీలం చతురస్రం తర్వాత చూద్దాం.

మొదటి రౌండు: వినడానికి. నెమ్మదిగా వెళ్లండి. ఏ చప్పుడు ఎప్పుడు వస్తోందో గమనించండి. పెడల్ తొక్కితేనే వస్తే క్రాంకు, పెడల్, చైను వైపు చూడాలి. తొక్కకుండా దొర్లుతున్నప్పుడూ వస్తే చక్రం లేదా బ్రేకు. నిలబడి తొక్కితే ఆగిపోతే సీటు. నాకు ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ క్రాంకు బతికేది.

రెండో రౌండు: మామూలు వేగం. దిగుడుకి ముందు సీటు ఐదారు సెంటీమీటర్లు దింపండి. పెడళ్లు నేలకు సమాంతరంగా, మడమలు కిందికి, మోచేతులు బయటికి, బ్రేకు మీద ఒకటో రెండో వేళ్లు. చాలా చవక సైకిళ్లకు ముందు ఫోర్కు నిటారుగా, స్టెమ్ పొడవుగా ఉంటాయి. నిటారు దిగుడులో హ్యాండిల్ మీదుగా పడతామేమో అనిపిస్తుంది. సీటు దింపితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

మూడో రౌండు: ఒక్కటే మార్చండి. గాలి గానీ, సీటు గానీ, బ్రేకు లీవరు కోణం గానీ. రెండు మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

ప్రతి రౌండు తర్వాత:

☐ క్రాంకులు పక్కకు ఊపి చూశాను
☐ స్టెమ్, హెడ్‌సెట్ ఆడటం లేదు
☐ క్విక్ రిలీజులు బిగుతుగా ఉన్నాయి
☐ వదులైన స్పోకు లేదు
☐ బ్రేకు లీవరు మునుపటి చోటే పట్టుతోంది

## 9. తరచూ వచ్చే తిప్పలు

దిగుడు చివర్లో బ్రేకు పట్టడం లేదు. దిగుడంతా కొంచెం కొంచెంగా పట్టుకునే వచ్చారు, ప్యాడ్ వేడెక్కింది. మలుపుకు ముందు గట్టిగా వేసి వదిలేయండి, డిస్క్ చల్లారే వ్యవధి ఇవ్వండి.

బ్రేకు కీచుమంటోంది, పట్టు కూడా లేదు. చైన్ ఆయిల్ చిమ్మింది. డిస్క్ తుడవండి. నూనె పీల్చుకున్న ప్యాడ్లు మార్చడమే మేలు. కాల్చడాలు, రుద్దడాలు నాకెప్పుడూ రెండు రైడ్లకు మించి పనిచేయలేదు.

ఎక్కుడులో చైను జారుతోంది. చైను అరుగుదల కొలిపించండి. గేజీ మీద 0.75 దాటితే మార్చాలి. ఇంకా సాగదీస్తే పళ్లచక్రాలు కూడా దానితోపాటే పోతాయి.

వెనక చక్రం ఊగుతోంది, రిమ్ మాత్రం వంకర లేదు. చక్రం విప్పి ఇరుసును వేళ్లతో తిప్పండి. కొన గుండ్రంగా ఊగితే ఇరుసు వంగింది. అది మారిస్తే సరి. నెలలో రెండోసారి వంగితే మీ ట్రైల్‌కు ఆ హబ్ చాలదు.

## 10. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు

మొదట మార్చాల్సింది టైరు. అదీ ముందు చక్రానిది. వెనకది జారితే సర్దుకుంటాం, ముందుది జారితే నేల మీదే. ఆ తర్వాత మంచి ప్యాడ్లు, పిన్నులున్న వెడల్పాటి ఫ్లాట్ పెడళ్లు. ఇంతే.

ఫోర్కు మార్చాలని అందరికీ చేయి దురద పెడుతుంది. మంచి ఫోర్కు ధర ఒక్కోసారి సైకిల్ ధరను దాటుతుంది. పైగా కొత్త ఫోర్కుల్లో ఎక్కువభాగం మెడ (ఫ్రేమ్‌లోకి దూరే గొట్టం) కింద లావు, పైన సన్నం; చవక ఫ్రేమ్‌లకు తరచూ అంతా ఒకే లావు గొట్టం ఉంటుంది, పట్టదు. ఆ డబ్బు దాచి తర్వాతి సైకిల్‌కు వాడండి.

## 11. ఎక్కడ దిగి నడవాలి

ఇదంతా చేసిన సైకిల్ ఆకుపచ్చ ట్రైల్ మీద ఖరీదైనదాని వెనకే హాయిగా పోతుంది. నీలం గుర్తు దారిలో కాస్త నెమ్మదిగా, దారి చూసుకుంటూ పోగలదు. కష్టమైన దారిని చెప్పే నల్ల వజ్రం గుర్తు దగ్గర ఫోర్కు, చక్రాలు, బ్రేకులు మూడూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. అక్కడ దిగి నడవండి. స్టిక్కర్ మీది అంకెకు మించిన దిగుడు దగ్గరా అంతే.

నెలకోసారి సైకిల్ కడిగి, హ్యాండిల్ కింది నుంచి వచ్చే రెండు గొట్టాలు కలిసే చోటును, పెడళ్ల ఇరుసు చుట్టూ, సీటు గొట్టం పైకొసను వెలుతురులో చూడండి. పెయింటు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే దాని మీద గోరు అడ్డంగా లాగండి. గోరు పట్టకపోతే గీత పక్కన పెన్నుతో గుర్తు పెట్టి, తర్వాతి రైడ్ అయ్యాక పెరిగిందేమో చూడండి. గోరు పట్టినా, గీత పెరిగినా ఆ ఫ్రేమ్‌ను ట్రైల్‌కే కాదు, రోడ్డు మీదికీ తీయకండి.